తొంభై డిగ్రీల దగ్గర

దాళ్వా కోసేసిన చేలో, ఏటిగట్టు వార
వెదురుబొంగు కొసన రెండు రాగి కడ్డీలు,
ఒక్కోటి నలభై తొమ్మిది సెంటీమీటర్లు.
బొంగు కింద పాత సైకిల్ ఇరుసు,
ఇరుసు కింద చెక్క పలక,
పలక మీద మా ఎనిమిదో తరగతి పిల్లలు గీసిన డిగ్రీలు.
రెండొందల పది రెండుసార్లు పడింది. సర్దుకున్నాం.

తిప్పేది నాగూర్ మీరా.
సఖినేటిపల్లి డాబాల మీద టీవీ కడ్డీలు లేచిన రోజుల్నుంచీ
ఆయన చేతికి ఇదే పని.
పైన ఆయన, కిటికీలో ఒకరు, వాకిట్లో ఒకరు,
ఇంకొంచెం, ఇంకొంచెం, ఆఁ ఆగు,
పోయింది, వెనక్కి తిప్పు.
ఇప్పుడూ పది డిగ్రీలకోసారి కేకేస్తాడు:
"బొమ్మ వచ్చిందా టీచరమ్మా?"
నలభై అంగల అవతల గొడుగు కింద మీటరుతో నేను.
"రాసుకున్నా. తిప్పు."

కడ్డీలు నాకు అడ్డంగా నిలిచినప్పుడు నిండు గొంతు.
దాన్ని సున్నా అనుకున్నాం.
ముప్పై దగ్గర రెండు డెసిబెల్స్ తగ్గింది.
అరవై దగ్గర ఏడున్నర.
తొంభై దగ్గర, కడ్డీ కొస తిన్నగా నన్నే చూస్తున్నప్పుడు
ముల్లు నిలవలేదు.
పదహారు, ఇరవై, పద్నాలుగు.
మీరా మీటరు సంగతి అడగలేదు, ఏటి వైపు చూశాడు.
నరసాపురం నుంచి పంటు వస్తోంది,
రెండు లారీలు, ఒక పెళ్ళి వ్యాను,
ఒళ్ళంతా ఇనుము.
"బొమ్మ పక్కన ఇంకో బొమ్మ పడేది గుర్తుందా?
ఇదే అది."
రేవుకి ఆనేదాకా ఆగాం. మజ్జిగ తాగాం.
లారీలు దిగి వెళ్ళిపోయాయి.
ముల్లు కిందికి జారింది,
ఇరవై ఆరు. ఇక కదల్లేదు.

సెట్టు ఇచ్చిన రోజు పుస్తకం కూడా ఇచ్చారు.
ఈ బొమ్మున్న పేజీ నేను తిప్పేశాను.

పోయిన కార్తీకంలో గాలివాన ముందు
బడి డాబా మీద ఈ కడ్డీలు బిగించింది నేనే,
సరిగ్గా దక్షిణానికి, పల్లిపాలెం వైపు,
దారి అడిగినవాళ్ళకి వేలు చూపించినట్టు.
అక్కడ ఓలేటి సింహాద్రి
మర్యాదకి తన కడ్డీలు మా వైపు చూపించాడు.
ఇద్దరి వేళ్ళూ ఎదురెదురు.
వేలు చూపిన వైపే చెవుడని
ఇద్దరికీ తెలీదు.
రాత్రి పదకొండు నుంచి ఒంటిగంట దాకా
అతను పిలిచాడు, నేను పిలిచాను.
నాకు వాన వినిపించింది.
తెల్లారేసరికి జనమంతా మోకాటి నీళ్ళలో నడిచి
తుపాను షెల్టర్ చేరారు.
పడవలు రెండు, మేకలు తొమ్మిది చేరలేదు.
తర్వాత కనపడ్డప్పుడు ఒక్కటే అడిగాడు,
"ఆ రాత్రి నిద్ర పట్టిందా టీచరమ్మా?"
తిట్టినా బాగుండేది.

ముప్పై ఆరు చుక్కలు. పొద్దువాలాక కలిపాను.
రెండు తాటి ముంజెలు వీపులానించి పెట్టినట్టు వచ్చింది.
ఒకటి కాస్త చిన్నది,
రొయ్యల చెరువు షెడ్డు రేకుల వల్ల కావచ్చు,
నా చేతి వంకర కావచ్చు.
రెంటి మధ్యా చీమ నడుం.
అక్కడ పెన్సిలుతో పల్లిపాలెం అని రాసి
చెరపబోయి ఊరుకున్నాను.

పావు చుట్టు తిప్పితే దక్షిణానికి వినిపిస్తుంది.
కానీ ఆ నడుం రాజోలు మీదికీ నరసాపురం మీదికీ పోతుంది.
"అటూ ఇటూ ఎందుకు, నిలబెట్టేస్తే పోలా?" అన్నాడు మీరా.
నిజమే. నిలబెడితే నాలుగు దిక్కులూ ఒకటే,
చెవుడల్లా ఆకాశం వైపే.
"అటు మనకి పనేముంది" అని
పలక చంకన పెట్టుకున్నాడు.

సింహాద్రి కడ్డీలూ నిలబెట్టాలి.
ఒకరు నిలబడి ఒకరు పడుకుంటే మళ్ళీ ఇదే గొడవ.
ఇది సెట్టులో చెప్పే మాట కాదు.
కాగితం మడిచి సంచిలో పెట్టాను.
పల్లిపాలెం ఆఖరి బస్సుకి ఇంకా పావుగంట ఉంది.
నిద్ర పట్టలేదని కూడా చెప్పాలి.